స్నాక్ అనగా కొద్దిపాటి తిండి

ఆ ఇంట్లో వంటింటికీ ముందుగదికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. ఇల్లు కట్టినవాళ్ళు గిన్నెలు అందించుకోవడానికని పెట్టారు. కానీ ముప్పయ్యొక్క ఏళ్ళుగా అందులోంచి గిన్నెలకంటే మాటలే ఎక్కువ నడిచాయి. ముందుగదిలో కూర్చుని పెద్దాయన నిఘంటువు రాస్తాడు. వంటింట్లో ఆయన భార్య వంట చేస్తుంది. ఆయన ఒక మాటకు అర్థం రాసి, అసలు మాటను దాచిపెట్టి, అర్థం మాత్రం కిటికీ దగ్గర నిలబడి చదువుతాడు. అది ఏ మాటో ఆవిడ చెప్పాలి. చెబితే చీటీ మీద ఎర్ర పెన్సిలుతో టిక్కు పడుతుంది. చెప్పకపోతే ఆ అర్థం చెత్తబుట్టలోకి పోతుంది.

వీధిలో అందరూ ఆయన్ని డిక్షనరీగారు అంటారు. ఆ డిక్షనరీ పండితుల కోసం కాదు. ఇంగ్లీషులో పుట్టి, మన నోళ్ళలో పడి, మన మాటలైపోయిన బస్సు, సోఫా, టెన్షన్ లాంటివాటికి బడిపిల్లలకు తెలిసేలా అర్థం చెప్పే పుస్తకం. ఇప్పటికి నాలుగు కూర్పులయ్యాయి, ఐదోది నడుస్తోంది. పెద్దాయనకు నాలుగు భాషలు వచ్చు. ఆవిడ ఏడో తరగతితో బడి మానేసింది. అందుకే ఈ పద్ధతి పెట్టుకున్నానని, కోడలు కాపరానికి వచ్చిన కొత్తలో ఆయనే చెప్పాడు. "మీ అత్తయ్యకి తెలిస్తే అందరికీ తెలిసినట్టే. ఆవిడ తప్పు చెప్పిందంటే తప్పు ఆవిడది కాదమ్మా, నాది." ఆ మాట విననట్టే అత్తయ్య గిన్నె తోముతోంది గానీ, తోమిన గిన్నెనే మళ్ళీ తోమడం కోడలు చూసింది.

కోడలు చదువుకున్న పిల్ల. పైగా పరాయి మాటల్లో వేలు పెట్టే అలవాటు పుట్టుకతోనే ఉంది. నాలుగు నెలలు తిరక్కుండానే చీటీల బల్లకు అవతలి కుర్చీలో కుదురుకుంది. ఆమె భర్త రైల్వే స్టేషన్లో టికెట్లిస్తాడు. "టి అక్షరం దాకా వచ్చాక పిలవండి, టికెట్‌కి అర్థం నేను రాస్తాను" అనడం తప్ప అతనికి ఈ గొడవ పట్టదు. పనిలో కోడలికి మామగారే గురువు. ఆయన నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే, మాటకు అర్థం కావాలంటే పుస్తకాలు తిరగెయ్యడం కాదు, మనుషులు దాన్ని ఎప్పుడు, ఎందుకు వాడుతున్నారో విని చీటీ మీద రాసుకోవాలి. ఈ పాఠం తన మెడకే చుట్టుకుంటుందని పాపం ఆయన అనుకోలేదు.

ఆ సోమవారం "స్నాక్" వంతు వచ్చింది. ఎస్ అక్షరంలో, ప్రెస్సులో ఒకేసారి అచ్చుకెక్కే పదహారు పేజీల ఫారం ఒకటి సరిగ్గా ఆ మాటతో ముగుస్తుంది. శుక్రవారం సాయంత్రానికి ఆ ఫారం చేతికి రాకపోతే యంత్రం మీదకు ఇంకొకరి పుస్తకం ఎక్కించేస్తానని ప్రెస్సాయన ఫోనులో గట్టిగా చెప్పాడు. పెద్దాయన నవ్వేశాడు. స్నాక్ ఎంతసేపు, నమిలి మింగేస్తాం అన్నాడు.

మధ్యాహ్నం చీటీ పుచ్చుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి, గొంతు సవరించుకుని, "చిరుతిండి" అని చదివాడు.

అత్తయ్య బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. చెక్కు తెగకుండా చుట్టలు చుట్టలుగా దిగుతోంది. "పిప్పరమెంటు" అంది.

కోడలి చేతిలో కలం ఆగిపోయింది. పెద్దాయన చీటీ వంక ఒకసారి, కిటికీ వంక ఒకసారి చూశాడు. ఆ మాటకొస్తే పిప్పరమెంటూ చిరుతిండే కదా, ఒక్క ముక్కతో సరిపెట్టడం తన బద్ధకమే కదా అనుకుని చీటీ చించేశాడు. పద్ధతి ప్రకారం తప్పు ఆయనది.

మంగళవారం పూర్తి వాక్యం రాసుకొచ్చాడు. "భోజనానికీ భోజనానికీ మధ్య పుచ్చుకునే కొద్దిపాటి తిండి."

అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు లాగుతోంది. చేతిలోని కాయ పూర్తి చేసి, "మందుబిళ్ళ" అంది.

"మందుబిళ్ళ తిండెలా అవుతుంది?" అన్నాడు పెద్దాయన. పరీక్షలో ఎదురు ప్రశ్న వేయకూడదన్న నియమం ఆయన పెట్టిందే. అది కూడా మరిచిపోయాడు.

"మధ్యలో కొద్దిగా పుచ్చుకునేది ఈ ఇంట్లో ఇంకేముంది?" అని ఆవిడ ఇంకో కాయ అందుకుంది.

బుధవారం చీటీలో మాటలు ఇంకా పెరిగాయి. "రెండు భోజనాల నడుమ ఆకలి అణచుకోవడానికి మితంగా, తేలికగా తీసుకునే ఆహారం." అత్తయ్య "ఆస్పత్రిలో పెట్టేది" అని గిన్నె మీద మూత పెట్టేసింది.

ముప్పయ్యొక్క ఏళ్ళలో ఏ మాటా మూడో రోజుకు రాలేదు. రెండో రోజు దాకా వచ్చినవి కూడా రెండే. అందులో ఒకటి టెన్షన్. దాని అర్థం చదివితే ఆవిడ మొదటిరోజు "మీ చెల్లెలు" అంది, ఆయన కూడా కాదనలేకపోయాడు. కానీ స్నాక్ అలాంటి మాట కాదు. పాలపళ్ళు ఊడని పిల్లలు కూడా రోజుకు పదిసార్లు అనే మాట. పెద్దాయన ఆ సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తున్న కోడలి దగ్గరకొచ్చి, తీసిన బట్టలనే మళ్ళీ తాడు మీద వేస్తూ చాలాసేపు నసిగాడు. చివరికి తేలిందేమిటంటే, మొదటిసారిగా ఆయన తప్పు తనదనుకోవడం లేదు. మీ అత్తయ్యకు మతి తప్పుతోందేమో అనుకుంటున్నాడు. ఆ మాట పైకి అనలేక, "వయసు, వయసు" అని రెండుసార్లు అన్నాడు. నాలుగు భాషలు వచ్చిన మనిషికి ఆపైన మాట దొరకలేదు.

అనుమానం వచ్చాక ఊరుకునే మనిషా ఆయన? చీటీలు పట్టుకుని భార్యను పరీక్షించడం మొదలుపెట్టాడు. పరీక్షిస్తున్నట్టు తెలియకూడదని మాటల్లో మాటగా అడిగాననుకున్నాడు. ఇవాళ ఏ వారమో కాస్త చెప్పమంటే, మీరు స్నానం ఎగ్గొట్టిన వారం అని జవాబొచ్చింది. మన పెళ్ళి ఏ నెలలో అయిందంటే, నాకు బుద్ధి లేని నెలలో అంది. ఇంకెవరైనా అయితే ఇంత చురుకైన జవాబులిచ్చే మనిషి మతికేం ఢోకా లేదనుకుంటారు. పెద్దాయన నిఘంటువు మనిషి కాబట్టి రెండిటికీ ఎదురుగా "సూటి సమాధానం లేదు" అని రాసుకుని ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. కూరలో ఉప్పు మరిచిపోతోందేమో చూద్దామని గిన్నెలోంచి గరిటెడు రుచి చూశాడు. సరిగ్గానే ఉంది. ఒక్క గరిటెతో తేల్చడం శాస్త్రీయం కాదని ఇంకో మూడు చూశాడు.

ఆపైన ఒక నిర్ణయానికి వచ్చాడు. శుక్రవారం చివరిసారి చదువుతాడు. అప్పుడూ రాకపోతే ఇకనుంచి ఆ కిటికీ దగ్గర పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు కూర్చుంటాడు. కోడలికి ఇది చెబుతున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వెళ్ళి హెడ్మాస్టరును అడిగి వచ్చాడు. హెడ్మాస్టరు నోట్లో నువ్వుగింజ నానదు. రాత్రి భోజనాల వేళకు వీధి వీధంతా తెలిసిపోయింది, డిక్షనరీగారి భార్యకు మాటలు గుర్తుండటం లేదట.

కోడలు మాత్రం మంగళవారం నుంచే తన పని తాను చేసుకుపోతోంది. మామగారు నేర్పిన పాఠమే. స్నాక్ అన్న మాట ఎవరు ఎప్పుడు అంటున్నారో వింటూ చీటీలు రాస్తోంది. ఎక్కువ తిరగాల్సిన పని లేకపోయింది. ఇంట్లోనే కుప్పలుగా దొరికాయి.

పొద్దున ఆరున్నరకు టీతో రస్కులు నాలుగు. "ఇది తిండి కాదమ్మా, టీకి తోడు." తొమ్మిదింటికి, టిఫిన్ అయిన అరగంటకి, ఉడికించిన గుడ్డు ఒకటి మిగిలిపోయింది. "పారేస్తే పాపం." పదకొండింటికి అరటిపళ్ళు రెండు. "మగ్గిపోతున్నాయి, రేపటికి ఆగవు." నాలుగింటికి పిడికెడు వేరుశనగపప్పు, ఆ పిడికిలి ఐదుసార్లు. "చెయ్యి ఊరికే ఉంటే ఆలోచన సాగదు." ఇవన్నీ మామగారివి. భర్తవి రెండే దొరికాయి, కానీ రెండూ వేపుడు మూకుట్లో చెయ్యి పెట్టినవే, రెండిటికీ ఒకటే మాట, "రుచి చూశానంతే." తనను తాను కూడా వదల్లేదు. మధ్యాహ్నం పనిలో పడి ఒక కేకు ముక్క తిన్నట్టు, తిని అరగంటైనా గుర్తు లేనట్టు, బల్ల మీద పొడి చూసి తెలుసుకుని సిగ్గుపడుతూ రాసుకుంది.

చీటీల బల్లకు అక్షరానికో సొరుగు ఉంది. ఎక్స్ సొరుగులో ఏముందో కూడా అప్పుడే తెలిసింది. ఎక్స్‌తో మొదలయ్యే మాటలు ఆ ఇంట్లో రెండే, ఎక్స్-రే, జిరాక్సు. రెండు చీటీలకు అంత సొరుగు ఎందుకని లాగితే వెనకాల బిస్కట్ల టిన్ను ఉంది. మూత మీద దుమ్ము లేదు.

మంగళవారం సాయంత్రం మామగారిని చక్కెర పరీక్షకు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది కూడా కోడలే. ఏం తింటున్నారని డాక్టరు అడిగాడు. మూడు పూటలా కొద్దిగా తింటున్నానని, మధ్యలో ఏమీ లేదని, ఊరికే స్నాక్స్ అని ఆయన చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆ ముఖంలో అబద్ధమాడుతున్న జాడ వెతికినా లేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈయన కళ్ళు తెరిచే తాగుతున్నాడు, పాలే కనబడటం లేదు. కోడలు సంచిలోంచి చీటీ తీసి అక్కడే రాసుకుంది.

గురువారం మధ్యాహ్నం పెద్దాయన కునుకు తీస్తున్నాడు. అత్తాకోడళ్ళు వంటింట్లో నేల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు.

"అత్తయ్యా, మీకు ఆ మాట తెలుసు" అంది కోడలు.

అత్తయ్య ఒక గింజ నోట్లో వేసుకుంది. "తెలియకేం. సోమవారం ఆయన నోరు విప్పకముందే తెలుసు."

"మరి చెప్పరేం?"

"కొద్దిపాటి అంటారేమిటి ఆయన? చిరుతిండిట. మితంగానట. ఆ ఎక్స్ సొరుగులో టిన్ను నెలకి ఎన్నిసార్లు ఖాళీ అవుతుందో నాకు తెలుసు, నింపేది నేనే కాబట్టి. నేను మాట చెబితే ఆయన టిక్కు పెడతారు. టిక్కు పెడితే అచ్చవుతుంది. అచ్చయిందల్లా పిల్లలు నిజమనుకుంటారు. ఆ అబద్ధానికి నన్ను సాక్షి సంతకం పెట్టమంటే ఎలా పెడతానే?"

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. ఒళ్ళో బఠాణీలు నేలంతా దొర్లాయి. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ వాటిని ఏరారు. నవ్వు తగ్గాక కోడలు అసలు సంగతి చెప్పింది. మామగారు మీ మతి గురించి భయపడుతున్నారని, ఇంకోసారి మాట రాకపోతే ఆ కిటికీ హెడ్మాస్టరుగారికి అప్పగిస్తారని. అది అత్తయ్యకు ముందే తెలుసు. పొద్దున కుళాయి దగ్గర హెడ్మాస్టరుగారి భార్య కలిసి, ఒక్కో అక్షరం విడదీస్తూ, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు, ఎలా ఉన్నారని అడిగిందట.

"మీరు ఒక్క మాట అనేస్తే ఈ గొడవంతా తీరిపోతుంది కదా. మతి దివ్యంగా ఉందని తెలిసిపోతుంది" అంది కోడలు.

ఒలవాల్సిన కాయ అత్తయ్య చేతిలోనే ఉంది. ముందుగదిలోంచి గురక వినబడుతోందో లేదో చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఆయన భయం ఉత్తదేం కాదు. పోయిన నెల సలాడ్ నా అంతట నాకు రాలేదు. సాస్ రాలేదు. నాలుక చివరే ఉంటుంది, ఎంత లాగినా రాదు. పొద్దున మీరిద్దరూ ఏ మాట రాయాలో అనుకుంటారుగా, అప్పుడు కిటికీ పక్కన నిలబడి వింటాను. విని, వంట చేసినంతసేపూ లోపల్లోపల అనుకుంటూ ఉండి, మధ్యాహ్నం అప్పజెబుతాను. ఏడాదైంది ఇలా."

డిక్షనరీకి గీటురాయి అని వీధంతా పేరుపడ్డ మనిషి ఏడాదిగా దొంగచాటుగా విని నెట్టుకొస్తోందా అని కోడలు ఆవిడ ముఖంలోకి చూసింది.

"ఈ ఒక్క మాటా వినక్కర్లేకుండా తెలుసు. మొత్తం ఆ అక్షరంలో నా సొంతానికి తెలిసిన మాట ఇదొక్కటే" అంది అత్తయ్య. "దాన్ని పట్టుకుని నిలబడితే మతి పోయిందంటున్నారు." ఆవిడ నవ్వింది. కోడలికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఏడవడానికి ఏముందని అత్తయ్య కసురుకుంది. "ఆయనకి చెప్పకు. ఆ కిటికీ దగ్గర ఇంకొకళ్ళు నిలబడి జవాబులు చెబుతుంటే, ఇవతల నేను వంట చేసుకుంటూ వినలేను."

ఆ రాత్రి భోజనాలకు ముందే కోడలు తన చీటీలన్నీ బల్ల మీద పరుచుకుంది. నలభై మూడు అయ్యాయి. తిన్నది ఒకచోట గుడ్డు, ఒకచోట అరటిపండు, ఒకచోట గరిటెడు కూర. తిన్న వేళలూ ఒకటి కాదు. ఎంత తిన్నారన్నది అసలు పొంతనే లేదు. నలభై మూడు చీటీల్లోనూ ఉన్నది ఒక్కటే, తిన్నవాళ్ళు చెప్పుకున్న సంజాయిషీ. ఆమె కలం తీసి రెండు వాక్యాలు రాసి, మడిచి జాకెట్లో దోపుకుంది.

శుక్రవారం మూడింటికి హెడ్మాస్టరు రెండు కలాలు, ఒక తెల్ల కాగితాల కట్ట పట్టుకుని వచ్చాడు. భోజనం చేసే వచ్చానని, ఏమీ వద్దని ముందే చెప్పేశాడు. అయినా మర్యాదకు వేరుశనగపప్పు పళ్ళెం పెడితే, మాట్లాడుతూ మాట్లాడుతూ సగం ఖాళీ చేశాడు. మిగతా సగం పెద్దాయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఒక చెయ్యి వేస్తూ చేశాడు. కిటికీ అవతల ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు. అత్తయ్య ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుందని ఇవతల ఇద్దరికీ తెలియదు, కోడలికి తెలుసు.

ఈసారి నేను చదువుతానని కోడలు లేచింది. పెద్దాయన కాదనలేదు. నిజానికి చదివే ధైర్యం ఆయనకు లేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చేతిలో ఎర్ర పెన్సిలు మాత్రం సిద్ధంగా ఉంది.

కోడలు కాగితం విప్పింది. "భోజనానికీ భోజనానికీ మధ్య తినేది. ఎంత తిన్నా సరే, తిన్నవాళ్ళు దాన్ని తిండి కింద..."

"స్నాక్" అంది అత్తయ్య.

గొంతొక్కటే కాదు, ఈసారి మనిషే కిటికీలోకి వచ్చింది. ఉల్లిపాయకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోడలు మిగిలిన ముక్క కూడా చదివింది. "...లెక్క వేసుకోనిది."

పళ్ళెంలో ఉన్న హెడ్మాస్టరు చెయ్యి అక్కడే ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన మీసాల మీద పొట్టు దులుపుకున్నాడు. ఇంటి దగ్గర ఏదో పనుందని అప్పుడే గుర్తొచ్చింది. కలాలు రెండూ బల్ల మీదే మరిచిపోయి వెళ్ళిపోయాడు. ఈసారి ఎవరికి గుర్తుండటం లేదో వీధికి చెప్పేవాళ్ళు మాత్రం లేకపోయారు.

పెద్దాయన ఇటు తిరిగాడు. "ఇది అర్థమా, నా మీద ఫిర్యాదా?"

"చదివేవాళ్ళని బట్టి ఉంటుంది" అంది అత్తయ్య. "అమ్మాయి కొద్దిపాటి అన్న ముక్క తీసేసింది కాబట్టి మాట వెంటనే వచ్చింది. మీరు ముందే తీసేసి ఉంటే సోమవారమే వచ్చేది."

అది ఆయన తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. పిప్పరమెంటు, మందుబిళ్ళ, ఆస్పత్రిలో పెట్టేది, ఒక్కొక్కటే ఆయన ముఖం మీద మళ్ళీ నడిచి వెళ్ళాయి. "అంటే తెలిసే..." అన్నాడు.

"ముప్పయ్యొక్క ఏళ్ళు నేను మాట చెప్పకపోతే మీ అర్థం తప్పన్నారు. ఈసారి మాత్రం నేనే తప్పనుకున్నారు. పద్ధతి పెట్టింది మీరేగా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని కోడలికి అనిపించింది. పెద్దాయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచాడు, తుడిచిందే మళ్ళీ తుడిచాడు. సాకులు చెప్పడంలో చేయి తిరిగిన మనిషి, నలభై మూడు చీటీల్లో దాదాపు అన్నీ తనవే అయిన మనిషి, ఆ పూట ఒక్క సాకు కూడా చెప్పలేదు.

"భయపడ్డాను" అన్నాడు. "నువ్వు కాకపోతే నేను ఎవరికి చదవను?"

చీటీ బల్ల మీద పెట్టి టిక్కు పెట్టాడు. పెన్సిలు ములుకు విరిగింది. అత్తయ్య కిటికీలోంచి తల వెనక్కి తీసుకుంది. తర్వాత టీ పెట్టమంటారా అని అడిగింది. పెట్టమన్నాడు. టీతోపాటు ఏమైనా కావాలా అని అడిగింది. పెద్దాయన ఎక్స్ సొరుగు వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు, అచ్చుకు వెళ్ళబోతున్న చీటీ వైపు చూశాడు. ఏమీ వద్దన్నాడు. అంత బాధగా ఆయన ఏ మాటా అనగా కోడలు వినలేదు.

ఫారం సాయంత్రం ఐదింటికి ప్రెస్సుకు వెళ్ళింది.

మళ్ళీ సోమవారం వచ్చింది. సోఫా అయిపోయి సూప్ దగ్గరకొచ్చారు. అత్తయ్యకు ఇచ్చిన మాట ప్రకారం కోడలు ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ ఆమె తనలో తాను ఒకటి అనుకుంది. ఇక నుంచి మాటను ముందుగా ఆవిడ చెవిన తనే పడేస్తుంది, ఆవిడ కిటికీ పక్కన నక్కి నిలబడాల్సిన పని ఉండకూడదు. పరీక్షలో పక్కవాళ్ళకు జవాబు అందించినంత దడగా ఉంది. కుర్చీ కాస్త వంటింటి వైపు జరుపుకుని, ముఖం కూడా అటే పెట్టి, "మావయ్యగారూ, తర్వాత మాట సూప్" అంది.

పెద్దాయన చీటీలోంచి తల ఎత్తలేదు. "ఇంకాస్త గట్టిగా అనమ్మా" అన్నాడు. "అటు కుళాయి విప్పి ఉంది, వినబడదు."

కోడలు కుర్చీ మళ్ళీ ఇటు తిప్పుకుంది. ఆయన గొంతు బాగా తగ్గించి, రాస్తూనే చెప్పాడు. ఆవిడ కిటికీ పక్కన నిలబడి వింటోందని తెలిసి, ఏడాదిగా రోజూ పొద్దున తను అరుస్తూనే ఉన్నాడట. స్నాక్ అన్న మాట కూడా మూడు రోజులూ కిటికీ దగ్గరికి పోయి మరీ అన్నాడట. అయినా మధ్యాహ్నానికి ఆవిడ నోట రాకపోయేసరికి, ఇక వినిపించినా నిలవడం లేదు, అంతా అయిపోయిందనుకున్నాడట. "నాకు తెలుసని తనకి తెలీదు" అన్నాడు. "తెలియనివ్వకు."

"సూప్" అంది కోడలు, వీధిలో పోతున్న సైకిలాయన ఆగి చూసేంత గట్టిగా. అటు కుళాయి ఆగింది.

మధ్యాహ్నం పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి చదివాడు. "కూరగాయలో మాంసమో నీళ్ళలో బాగా ఉడకబెట్టి, ఆ నీళ్ళనే వేడివేడిగా చెంచాతో తాగేది."

తరుగుతున్న కత్తి చప్పుడు ఆగింది. ఇవతల ఇద్దరూ కిటికీ వైపు చూశారు. మళ్ళీ చప్పుడు మొదలైంది.

"సూప్" అంది అత్తయ్య.

ఆయన టిక్కు పెట్టాడు. "ముప్పయ్యొక్క ఏళ్ళమ్మా. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు మీ అత్తయ్య" అన్నాడు కోడలితో. అది కూడా గట్టిగానే అన్నాడు.